చీరకట్టులో హార్మోన్ ప్యాచ్: ఎక్కడ అంటించాలి, ఏం రాసిపెట్టుకోవాలి

హార్మోన్ ప్యాచ్ అంటే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌ను చర్మం గుండా ఒంట్లోకి పంపే జిగురు పట్టీ. దాని పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితం చెప్పేది మూడు ముక్కల్లో తేలిపోతుంది. పొట్ట కింది భాగంలోనో, పిర్ర పైభాగంలోనో అంటించండి. నడుము దగ్గర, బట్ట రాసుకునే చోట వద్దు. రొమ్ముల మీద అస్సలు వద్దు. ఆ కాగితం రాసినవాళ్ల మనసులో ఉన్నది ప్యాంటో, గౌనో వేసుకునే మనిషి. లంగా బొందు బిగించి, చుట్టూ చీర దోపి, ముందు కుచ్చిళ్లు పెట్టుకుని, పొద్దున లేచిన దగ్గర నుంచి యాభైసార్లు వంగి లేచే శ్రీకాకుళం మనిషికి బట్ట రాసుకోని చోటు ఏది? నడుమంతా బొందే. బొడ్డు కింద జానెడు మేర కుచ్చిళ్ల బరువే.

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ప్యాచ్ మొదలుపెట్టిన రెండు మూడు నెలలకే "నాకు పడలేదు" అని పక్కన పడేసిన కొందరి విషయంలో అసలు గొడవ ఇక్కడే ఉంటుంది. మందు మోతాదు సరిగ్గానే ఉంటుంది, ప్యాచ్ మాత్రం సగం లేచిపోయి ఉంటుంది. ఆ సంగతి ఎక్కడా రాసుకోరు కాబట్టి డాక్టరుకూ తెలియదు. మోతాదు పెంచుతారు, లేదా మందే మారుస్తారు.

ముందుగా ఈ ప్యాచ్ ఎవరికో చూద్దాం. మన దేశంలో ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయే సగటు వయసు 46, 47 ఏళ్లు. ఆ ముందూ వెనకా అండాశయాల నుంచి ఈస్ట్రోజన్ తగ్గిపోతుంది. ఒళ్లంతా సెగలు, రాత్రిపూట జాకెట్టు తడిసిపోయేంత చెమట, నిద్ర లేకపోవడం, చిన్న మాటకే కోపం, కీళ్ల నొప్పులు, యోని పొడిబారడం లాంటివి అప్పుడే మొదలవుతాయి. ఆంధ్రలో దీనికి ఇంకో దారి కూడా ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అంటే దాదాపు మూడింతలు. నలభై నిండకుండానే ఆపరేషన్ అయిపోయిన ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, మామూలుగా ఏళ్లు పట్టే మార్పు రోజుల్లో మీద పడుతుంది. అండాశయాలు ఉంచినా, అవి అనుకున్నదానికంటే కొన్నేళ్లు ముందే అలసిపోవచ్చు. చిన్న వయసులో ఇలా జరిగినవారికి సెగలు తగ్గడం కోసమే కాదు, ఎముకలు గుల్లబారకుండా కూడా హార్మోన్ ఇవ్వాలని వైద్యులు ఆలోచిస్తారు.

గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వరు. తోడుగా ప్రొజెస్టరోన్ తరహా మందు ఉండాలి, లేకపోతే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్ దాకా పోయే ప్రమాదం ఉంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారు, పక్షవాతమో గుండెపోటో వచ్చినవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, కారణం తేలని రక్తస్రావం అవుతున్నవారు మామూలుగా దీనికి దూరంగా ఉండాలి. ట్రాన్స్ మహిళలు కూడా ఇదే ప్యాచ్ వాడతారు. వారి మోతాదులు వేరు, కానీ చర్మం, జిగురు, నోటుపుస్తకం గురించి ఇక్కడ చెప్పేదంతా వారికీ వర్తిస్తుంది. వాడాలా వద్దా అన్నది డాక్టరుతో తేల్చుకోవాల్సిన మాట. అది తేలి, ప్యాచ్ చేతికి వచ్చాక ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం.

ప్యాచ్ లోపల జరిగేది తెలిస్తే మిగతా అంతా సులువుగా అర్థమవుతుంది. మాత్ర మింగితే ఈస్ట్రడయాల్, అంటే ఈ మందులో ఉండే ఈస్ట్రోజన్ రకం, పేగుల నుంచి నేరుగా కాలేయానికి పోతుంది. అక్కడ చాలా భాగం మారిపోయాకే రక్తంలోకి వస్తుంది. ప్యాచ్‌లో ఆ మజిలీ లేదు, చర్మం గుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. ఇలాంటి ఈస్ట్రోజన్ ప్యాచ్‌కు అమెరికాలో మొదటిసారి అనుమతి వచ్చింది 1986లో. తొలి రకాల్లో మందు సంచిలా ఉండేది. తర్వాత వచ్చినవాటిలో మందు జిగురులోనే కలిసి ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఇవే. కొన్ని వారానికి ఒకటి, కొన్ని వారానికి రెండు.

వారం రోజుల రకం ఒకదాని లెక్క తీసుకుందాం. రోజుకు 50 మైక్రోగ్రాములు ఇచ్చే ప్యాచ్ వైశాల్యం 12.5 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక్కో పక్క సుమారు మూడున్నర సెంటీమీటర్ల చదరమంత. అందులో ఉండే మందు 3.8 మిల్లీగ్రాములు. ఏడు రోజుల్లో ఒంట్లోకి వెళ్లేది 0.35 మిల్లీగ్రాములు. అంటే పదో వంతు కూడా వెళ్లదు, తొంభై శాతానికి పైగా ప్యాచ్‌లోనే మిగిలిపోతుంది. ఇది వృథాలా అనిపిస్తుంది కానీ ఆ నిల్వ వల్లే ధార నిలకడగా ఉంటుంది. నిండు చెరువు తూములోంచి నీరు ఒకే వేగంతో పారినట్టు. ఇక్కడ తూము చర్మం. ఎంత మందు వెళ్తుందన్నది ప్యాచ్‌లో ఎంత మిగిలిందన్న దానికంటే, చర్మానికి ఎంత మేర ఆనుకుని ఉందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే 25 మైక్రోగ్రాముల ప్యాచ్ సైజు దాదాపు సగమే ఉంటుంది, 100 మైక్రోగ్రాములది రెట్టింపు.

ఈ లెక్క నుంచే అసలు సంగతి తేలుతుంది. ఒక మూల నుంచి మొదలై నాలుగో వంతు లేచిపోతే, ఆ నాలుగో వంతు మందు చర్మంలోకి పోవడం లేదు. 50 రాసిచ్చిన డాక్టరుకు తెలియకుండానే మోతాదు నలభై దరిదాపుల్లోకి పడిపోయింది.

ఇక పొట్ట మంచిదా, పిర్ర మంచిదా అన్న ప్రశ్న. అదే వారం ప్యాచ్‌ను రెండు చోట్లా పెట్టి రక్తపరీక్షలతో పోల్చి చూశారు. పిర్ర మీద పెట్టినప్పుడు రక్తంలోకి చేరిన మొత్తం మందు పొట్ట కంటే 17 శాతం ఎక్కువ, గరిష్ఠ స్థాయి 25 శాతం ఎక్కువ అని తేలింది. తేడా ఉన్న మాట నిజమే. కానీ ఆ అంకెను చూసి సెగలు తగ్గాలంటే పిర్రే దారి అనుకోవడం తొందరపాటు. పొట్ట మీద గట్టిగా అతుక్కున్న ప్యాచ్ కంటే పిర్ర మీద సగం లేచిన ప్యాచ్ చాలా తక్కువ ఇస్తుంది. చోటు వల్ల వచ్చే తేడా కంటే, ఆ చోట అది నిలబడిందా లేదా అన్న తేడా పెద్దది. ప్యాచ్ గురించి ఒక్క మాటే గుర్తుంచుకోవాల్సి వస్తే ఇదే గుర్తుంచుకోవాలి.

బొందుకు నాలుగు వేళ్ల కింద

చీరకట్టు దగ్గరకు వద్దాం. లంగా బొందు నడుము మీద ఒక గీతలా ఒత్తుకుంటుంది. సాయంత్రం విప్పినప్పుడు చర్మం మీద తాడు అచ్చు కనిపిస్తుంది, చాలామందికి ఏళ్ల తరబడి అక్కడ నల్లగా కమిలి ఉంటుంది కూడా. ఆ గీత మీద గానీ, దానికి రెండు వేళ్ల పైనా కిందా గానీ ప్యాచ్ పెడితే నిలవదు. వంగినప్పుడల్లా బొందు రెండు వేళ్ల మేర కిందికి జరిగి మళ్లీ పైకి వస్తుంది, ప్యాచ్ పై అంచును గోకుతుంది. అందుకే బొందు కట్టుకున్నాక వేళ్లతో కొలిచి, నాలుగు వేళ్ల కింద గుర్తు పెట్టుకుని, అక్కడ అంటించాలి. ముడి ఏ పక్క వేస్తారో చూసుకుని, వీలైతే ముడి లేని పక్కన ఇంకాస్త నమ్మకంగా పెట్టుకోవచ్చు. కుచ్చిళ్లు దోపుకునే నడిమధ్య చోటు మాత్రం వదిలేయాలి. అక్కడ గుడ్డ ఏడెనిమిది పొరలై చెమటను పట్టి ఉంచుతుంది. తుంటి ఎముక ముందు భాగానికి కాస్త లోపలగా, పక్కకు జరిపి పెడితే కుచ్చిళ్ల బరువు తప్పుతుంది.

కిందికి మరీ దిగినా ఇబ్బందే. నేల మీద మఠం వేసుకుని కూర్చున్నప్పుడు పొట్టకూ తొడకూ మధ్య ఒక మడత పడుతుంది. ఆ మడతలో ప్యాచ్ పడితే కాగితం మడిచినట్టు మధ్యలో గీత పడి, ఆ గీత నుంచి లేస్తుంది. కాబట్టి అంటించే ముందు ఒకసారి కూర్చుని చూసుకోవాలి. మడత ఎక్కడ పడుతుందో, బొందు ఎక్కడ ఒత్తుతుందో తెలిస్తే ఆ రెంటికీ మధ్య మిగిలే చోటు పొట్ట మీద రెండు పక్కలా ఒక్కో అరచేయంత ఉంటుంది. చాలామందికి అది చాలు.

పిర్ర మీద అయితే వెనుక జేబు ఉండేంత ఎత్తులో, బయటి వైపు. కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే చోటు కాదు, దానికి పైన. విజయనగరం నుంచి శ్రీకాకుళం రోజూ బస్సులో వెళ్లివచ్చే టీచరుకు, కౌంటర్లో గంటల తరబడి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే మనిషికి ఈ ఎత్తు తేడా బాగా తెలుస్తుంది. కాస్త కిందికి పెడితే సాయంత్రానికి ప్యాచ్ చుట్టచుట్టుకుని లంగాకు అంటుకుని ఉంటుంది.

ఉభాల రోజుల్లో లెక్క మారుతుంది. మోకాళ్లలోతు నీళ్లలో నడుము వంచి పొద్దల్లా నాట్లేసే మనిషికి పొట్ట మీది చర్మం రోజంతా మడతలోనే ఉంటుంది. పిర్ర మీది చర్మం సాగి ఉంటుంది కానీ మడత పడదు. అలాంటివారికి ఆ నెల రోజులు పిర్ర పైభాగమే మేలు. పలాస వైపు జీడిపిక్కలు కొట్టే పని చేసేవారు ఇంకో జాగ్రత్త పడాలి. పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. అది వేళ్ల సందుల్లో ఉండగా ప్యాచ్ పట్టుకుంటే, ఆ నూనె జిగురుకూ చర్మానికీ మధ్య చేరి పుండు పడుతుంది. తర్వాత ఆ నింద హార్మోన్ మీద పడుతుంది. పనిలోంచి వచ్చి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఆరాకే ప్యాచ్ కవరు చించాలి.

నూనె, పౌడరు, చెమట

జిగురుకు శత్రువులు మన స్నానాల గదిలోనే ఉన్నాయి. కొబ్బరినూనె, చెమటకాయలకు చల్లుకునే పౌడరు, ఒంటికి రాసుకునే క్రీము, వీటిలో ఏది ఉన్నా ప్యాచ్ పట్టదు. శుక్రవారం తలంటు పోసుకునే ఇళ్లలో నూనె వీపు మీదుగా నడుము కిందికి జారుతుంది. గురువారం అంటించిన ప్యాచ్ శుక్రవారం మధ్యాహ్నానికి లేచిందంటే ఆశ్చర్యపడక్కర్లేదు. వారానికి రెండు మార్చేవారు శుక్రవారాన్ని, సోమవారాన్ని మార్చే రోజులుగా పెట్టుకుంటే ఈ చిక్కు తీరిపోతుంది. తలంటు రోజున పాత ప్యాచ్ ఎలాగూ తీసేయాలి. నూనె పాత జిగురు మరకను కూడా తేలిగ్గా వదిలిస్తుంది. తర్వాత సబ్బుతో నూనె పూర్తిగా పోయేలా కడిగి, కొత్తది ఇంకో పక్కన వేసుకోవాలి.

స్నానం అయిన వెంటనే అంటించడం కూడా పొరపాటే. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ తుడుచుకునేలోపే చెమట పడుతుంది. ఫ్యాను కింద పది పదిహేను నిమిషాలు కూర్చుని, ఒళ్లు చల్లబడి చర్మం పొడిగా తగిలాక అంటించాలి. జిగురు వైపు వేలు పెట్టకుండా పెట్టి, అరచేత్తో పది సెకన్లు గట్టిగా అదిమి పట్టాలి. తర్వాత బొటనవేలితో నాలుగు అంచులూ ఒకసారి రుద్దాలి. తలంటు లెక్క లేనివారికి రాత్రి పడుకునే ముందు అంటించుకోవడం బాగా నప్పుతుంది. నైటీలో బొందు ఉండదు, పని ఉండదు, జిగురు పట్టుకోవడానికి ఏడెనిమిది గంటల సమయం దొరుకుతుంది. ఇలాంటి జిగురు అంటించిన నిమిషంలో కంటే గంటలు గడిచేకొద్దీ గట్టిపడుతుంది.

చెంబులతో నీళ్లు పోసుకుంటే ప్యాచ్‌కు ఏమీ కాదు. బీరపీచుతో దాని మీద రుద్దకపోతే చాలు. ఊడితే అదే మళ్లీ అతుక్కుంటుందేమో చూడాలి, అతుక్కోకపోతే కొత్తది పెట్టి, మార్చే రోజు మాత్రం పాతదే ఉంచుకోవాలి. కత్తిరించి సగం వాడటం డాక్టరు చెప్పకుండా చేయకూడదు. సంచి రకమైతే కత్తెర పడగానే మందంతా ఒక్కసారే బయటకు వస్తుంది.

నడుము నొప్పికి వేడినీళ్ల కాపడం పెట్టుకునే అలవాటు ఇంటింటా ఉంది. ప్యాచ్ ఉన్న చోట కాపడం పెట్టకూడదు. వేడికి చర్మంలో రక్తం ఎక్కువగా పారి, మందు మామూలు కంటే వేగంగా లాగబడుతుంది. తలనొప్పి, వికారం, రొమ్ముల్లో సలుపు ఉన్నట్టుండి వచ్చిన రోజున ముందు రాత్రి కాపడం పెట్టారా అని గుర్తు చేసుకోవడం మంచిది.

చర్మం చెప్పే మాట

ఒకే చోట వారం తిరక్కుండా మళ్లీ పెట్టకూడదు. వారానికి రెండు మార్చేవారికి నాలుగు చోట్లు ఉంటే ఒక్కో చోటి వంతు రెండు వారాలకు ఒకసారి వస్తుంది, మధ్యలో దాదాపు పది రోజుల విశ్రాంతి దొరుకుతుంది.

ప్యాచ్ తీసినప్పుడు చర్మం మీద చదరం అచ్చు కాసేపు ఉండటం మామూలే. తెల్లటి చర్మం మీద ఎర్రగా కనిపించేది మన రంగు మీద ముదురు గోధుమగానో, ఊదాగానో కనిపిస్తుంది, అందుకే కాగితంలో రాసిన ఎరుపు కోసం వెతికితే దొరకదు. వేలితో తాకి చూడాలి. వేడిగా ఉందా, ఉబ్బిందా, గరుకుగా ఉందా? ఆ మార్పు సరిగ్గా చదరం గీతల లోపలే ఉండి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే చాలావరకు జిగురు రాపిడి, చెమట వల్ల వచ్చినదే. గీతలు దాటి చుట్టూ పాకినా, నీటి పొక్కులు లేచినా, ప్రతిసారీ ముందటిసారి కంటే త్వరగా మొదలైనా అది అలర్జీ కావచ్చు. అప్పుడు చోటు మార్చడం వల్ల లాభం లేదు. ఇంకో కంపెనీ ప్యాచ్‌లో జిగురు వేరుగా ఉంటుంది, లేదంటే జెల్ రూపం ఉంది. డాక్టరును అడగాలి. కమిలిన నలుపు మాత్రం నెలల తరబడి ఉండవచ్చు, అది కొత్త మంట కాదు.

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో ఉన్నవాళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఆ జబ్బులో చర్మం పొడిబారి, ఒళ్లంతా దురద పెట్టడం తరచుగా ఉంటుంది. ప్యాచ్ కింద దురద పుడితే, ప్యాచ్ లేని పక్కన కూడా అంతే ఉందా అని పోల్చుకోవాలి. రెండు పక్కలా సమానంగా ఉంటే తప్పు జిగురుది కాదు. పైగా ఆ జబ్బు ఉన్నవారు హార్మోన్ మొదలుపెట్టే ముందే కిడ్నీ డాక్టరుకు చెప్పి తీరాలి.

గోడ క్యాలెండరే నోటుపుస్తకం

ఇవన్నీ గుర్తుంచుకోవడం ఎవరి వల్లా కాదు. రాసుకోవాలి. దానికి ఫోనులో యాప్ అక్కర్లేదు. పాల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసుకునే గోడ క్యాలెండర్ చాలు. నలుగురూ చూస్తారని మొహమాటంగా ఉంటే రెండక్షరాల గుర్తులు పెట్టుకోవచ్చు. కుడి పొట్ట 'కుపొ', ఎడమ పొట్ట 'ఎపొ', కుడి పిర్ర 'కుపి', ఎడమ పిర్ర 'ఎపి'. మార్చిన రోజు గడిలో ఆ గుర్తు, అంటించిన గంట. మిగతా రోజుల్లో మూడే మూడు ముక్కలు: అంచు ఎలా ఉంది, దురద ఉందా, పగలు ఎన్నిసార్లు రాత్రి ఎన్నిసార్లు సెగలు వచ్చాయి.

అంచును చూడటానికి ఒక సులువైన గుర్తు ఉంది. రెండో రోజుకు ప్యాచ్ చుట్టూ లంగా నూలు అంటుకుని సన్నటి నల్లగీత ఏర్పడుతుంది. ఆ గీత ప్యాచ్ బయట ఉన్నంతవరకు పరవాలేదు. అది ప్యాచ్ కిందకు పాకిందంటే అంచు లేస్తూ పడుతోందని అర్థం, పైకి అతుక్కుని ఉన్నట్టు కనిపించినా సరే. ఆ రోజు గడిలో 'లేచింది' అని రాసి, ఎంత మేర అన్నది పావు, సగం అని పక్కన వేయాలి.

ఒక పేజీ ఎలా ఉంటుందో చూద్దాం. నరసన్నపేటలో బట్టల షాపులో పనిచేసే నలభై అయిదేళ్ల మనిషి అనుకుందాం. వారానికి రెండు ప్యాచ్‌లు. శుక్రవారం 'కుపొ', ఉదయం 9. శనివారం సెగలు మూడు. ఆదివారం మూడు, నల్లగీత లోపలికి. సోమవారం తెల్లవారుజామున రెండుసార్లు తడిసి మెలకువ, ప్యాచ్ పావు లేచింది. సోమవారం 'ఎపి', మంగళవారం మూడు, బుధవారం రెండు, గురువారం మూడు, అంచు గట్టిగా ఉంది. మళ్లీ శుక్రవారం 'ఎపొ', ఆదివారానికి అదే కథ.

దీన్ని చూడగానే "పిర్ర మీద పెడితే మందు బాగా పనిచేస్తోంది" అనిపిస్తుంది. కానీ పేజీ చెబుతున్నది అది కాదు. పొట్ట మీద ప్యాచ్ మొదటి రోజు పిర్ర మీద ప్యాచ్‌లాగే పనిచేసింది. లేచిన తర్వాతే సెగలు పెరిగాయి. ఇక్కడ చేయాల్సింది పొట్టను వదిలేయడం కాదు, ఇంకో రెండు వేళ్లు కిందికి దించి చూడటం. దించాక అంచు నిలబడి, సెగలు కూడా సర్దుకుంటే సంగతి తేలినట్టే. అంచు నిలబడినా సెగలు తగ్గకపోతే అప్పుడు మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడే హక్కు ఆ పేజీ ఇస్తుంది.

ఇంకో తీరు కూడా కనిపిస్తుంది. ఎక్కడ పెట్టినా, అంచు ఎంత గట్టిగా ఉన్నా, మార్చే ముందు రోజు మాత్రమే సెగలు తిరిగి వస్తాయి. అది చోటు సమస్య కాదు, ప్యాచ్ చివరి రోజుల్లో ధార సన్నబడటం. ప్యాచ్ తీసేస్తే ఇరవై నాలుగు గంటల్లోపే హార్మోన్ స్థాయి పాత స్థితికి పడిపోతుంది కాబట్టి ఒంటికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. నాలుగు రోజులకు బదులు మూడున్నర రోజులకు, అంటే ఒకసారి పొద్దున ఒకసారి రాత్రి మార్చడం లాంటి సర్దుబాటు డాక్టరు చెప్పగలరు. గడిలో గంట రాసుకోకపోతే ఈ తీరు ఎప్పటికీ బయటపడదు.

అయితే ఈ పేజీని మోసం చేసేవి చాలా ఉన్నాయి, ముఖ్యంగా మన వాతావరణం. మే నెల రాత్రి కరెంటు పోయి రెండు గంటలు ఫ్యాను ఆగితే ఎవరికైనా జాకెట్టు తడుస్తుంది. సెగకు ఒక నడక ఉంటుంది: ఛాతీ నుంచో మెడ నుంచో మొదలై ముఖానికి పాకి, గుండె దడదడలాడి, కొన్ని నిమిషాల్లో తగ్గి, తర్వాత చలిగా అనిపిస్తుంది. ఉక్కపోత అలా రాదు, గంటల తరబడి ఒకేలా ఉంటుంది, ఫ్యాను వేస్తే పోతుంది. తేడా తెలియని రాత్రి గడిలో 'కరెంటు లేదు' అని రాసి వదిలేయాలి, లెక్కలో వేయకూడదు. పైడితల్లి సిరిమాను రోజున జనంలో నిలబడిన సాయంత్రం, అరసవల్లిలో రథసప్తమికి రాత్రంతా క్యూలో ఉన్న రోజు కూడా అంతే. థైరాయిడ్ ఎక్కువైనా చెమట, దడ, నిద్రలేమి వస్తాయి. ప్యాచ్ ఎంత గట్టిగా ఉన్నా తగ్గని చెమటకు ఆ పరీక్ష ఒకసారి చేయించడం అవసరం.

రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. చోటు మారిస్తే ఆ వారాల్లో కంపెనీ మార్చకూడదు, మోతాదు మార్చకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే ప్యాచ్‌లు అన్ని మందుల షాపుల్లో దొరికే సరుకు కాదు. ఈ నెల ఒక కంపెనీది, వచ్చే నెల ఇంకోటి చేతికి వస్తుంది. అంకె రెంటి మీదా 50 అనే ఉన్నా జిగురు వేరు, సైజు వేరు. కాబట్టి కంపెనీ మారిన రోజున క్యాలెండర్‌లో అడ్డగీత గీయాలి. గీతకు ముందు రాసినవాటిని, తర్వాత రాసినవాటిని కలిపి చూడకూడదు. కొత్త మోతాదు మీద తీర్పు చెప్పడానికి కనీసం నాలుగు వారాలు ఆగాలి. మొదటి వారంలోనే రొమ్ముల్లో సలుపు, కాస్త పొట్ట ఉబ్బరం కనిపించినా చాలామందికి అవి సర్దుకుంటాయి.

కొన్నిటికి మాత్రం క్యాలెండర్ వద్దు, ఆసుపత్రే. నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఉన్నట్టుండి చూపు మసకబారడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి, మాట తడబడటం, రొమ్ములో గడ్డ. ఇవి కనిపించిన రోజు ఎక్కడ అంటించామన్న లెక్క చూసుకుంటూ కూర్చోకూడదు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు క్యాలెండర్ ఆ రెండు నెలల పేజీలు ఫోనులో ఫోటో తీసుకుని వెళ్తే చాలు. విజయనగరం ఘోషాసుపత్రిలోనైనా, శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలోనైనా ఓపీ వరుసలో దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ కాస్త సమయంలో "అప్పుడప్పుడు సెగలు వస్తున్నాయండి" అనడం కంటే "పొట్ట మీద మూడో రోజు లేచిపోతోంది, లేచాకే సెగలు" అనడం ఎంతో మేలు. హార్మోన్ రక్తపరీక్ష రాస్తే, ప్యాచ్ ఏ రోజు ఏ గంటకు అంటించారో ల్యాబ్ చీటీ మీద రాయించాలి. ఆ ముక్క లేని అంకెకు పెద్ద అర్థం ఉండదు. ఎంఆర్ఐ స్కాన్ రాస్తే ప్యాచ్ ఉందని అక్కడివాళ్లకు ముందే చెప్పాలి. కొన్ని ప్యాచ్‌ల వెనుక పొరలో లోహం ఉంటుంది, స్కాన్‌లో చర్మం కాలవచ్చు.

పెట్టెను ఎండ తగిలే కిటికీలోనో, రేకుల షెడ్డులోనో ఉంచకూడదు. ఎంత వేడి దాటకూడదన్నది పెట్టె మీదే ఉంటుంది, అది చూసుకుని ఇంట్లో చల్లగా ఉండే బీరువాలో పెట్టాలి. అంటించే నిమిషం వరకు లోపలి కవరు చించకూడదు.

ఇక తీసేసిన ప్యాచ్. వారం వాడినా అందులో పదింట తొమ్మిది వంతులకు పైగా మందు ఉందని ముందే లెక్క వేశాం. దాన్ని మంచం పక్కన పడేస్తే పాకే పిల్ల చేతికి అంటుకుంటుంది. జిగురు వైపు లోపలికి వచ్చేలా మధ్యకు మడిచి గట్టిగా నొక్కి, పాత కవర్లోనే పెట్టి, పిల్లలకూ కుక్కలకూ అందని చెత్తబుట్టలో వేయాలి. తర్వాత చేతులు కడుక్కుని, క్యాలెండర్ గడిలో తీసిన గంట, కింద చర్మం ఎలా ఉందో రెండు మాటలు, పక్కన కొత్త చోటు గుర్తు రాసుకోవాలి.